క్షయ క్రిమి కూడా ఒక కణమే

కణములోని అమరికను చూచి సృష్టికర్తను స్తుతించుట మన సంఘములకు అలవాటే, మంచిదే. అయితే క్షయ క్రిమి కూడా ఒక కణమే. దాని జన్యు లిపిలో సుమారు 44 లక్షల అక్షరములున్నవి; పైన మైనము వంటి గోడ. ఊపిరితిత్తులలోని కాపలా కణము దానిని మింగినా, లోపలే బ్రతికి పెరుగగలదు. ఈ నేర్పును చూచి కూడా స్తుతిస్తామా? పతన ఫలమని చెప్పి దాటిపోతే రోగి మంచము ప్రక్కన ఆ జవాబు చాలదని మా అభిప్రాయము.

కలికిరి విశ్వాసులకు ఆరోగ్యవరము దూరము కాదు. 1915లో మిషన్లు కలిసి మదనపల్లె దగ్గర తెరచిన ఆ క్షయ ఆసుపత్రిలో, సరియైన మందులు లేని రోజులలో, డాక్టర్ ఫ్రిమోట్ మోలర్, ఆయన తోటివారు విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారములతోనే రోగులను కాచుకొన్నారు. 1948లో మన దేశములో బి.సి.జి. టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ టీకాలో ఉన్నదీ క్షయ జాతి క్రిమియే: బలము తగ్గించిన, ప్రాణముతో ఉన్న కణము.