వేలిముద్రల నేల

చిట్టమూరు చుట్టుపక్కల వరికోతలయ్యాక పొలం గట్ల మీద యానాది గిరిజనులు కనిపిస్తారు. ఎలుక బొరియకున్న దారుల్లో ఒక్కటి తప్ప అన్నీ మూసేసి, దాని దగ్గర కుండలో ఎండుగడ్డి రాజేసి లోపలికి పొగ ఊదుతారు. ఆనక తవ్వితే ఎలుకలు దొరుకుతాయి, అవి దాచుకున్న వడ్లూ దక్కుతాయి. రైతు గింజలు కాపాడే ఈ వేళ్లనే ఒకప్పుడు సర్కారు సిరాలో అద్దించింది.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. యానాదుల్లో కొన్ని గుంపులను అందులో చేర్చారు. ఇక వాళ్లకు పుట్టుకే నేరమైంది. రిజిస్టరులో పేరు, పక్కన వేలిముద్ర. ఆపైన పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు.

ఈ మచ్చ చెరపడానికి జీవితం ధారపోసినవాడు నెల్లూరు జిల్లా స్వాతంత్ర్య సమరయోధుడు వెన్నెలకంటి రాఘవయ్య. యానాదులను సంఘంగా కూడగట్టాడు, 1962లో వాళ్ల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. మద్రాసు ప్రభుత్వం ఆ చట్టాన్ని 1947లో రద్దు చేసింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న.

ఆ 1947లోనే, ఏప్రిల్‌లో, కాలిఫోర్నియాలో ఇంకో గోడ కూలింది. మెక్సికన్ పిల్లలను అక్కడ వేరే బళ్లకు పంపేవారు. తన పిల్లలను దగ్గర్లోని బడిలో చేర్చుకోలేదని గొంజాలో మెండెజ్ అనే రైతు మరో నలుగురు తండ్రులతో కలిసి కోర్టుకెక్కాడు. అప్పీలు కోర్టులోనూ గెలిచాడు. మెండెజ్ పిల్లలకు బడి ఉంది, తలుపు మూశారు. మన యానాది పిల్లలకు ఏ తలుపూ మూయలేదు. కానీ అమ్మానాన్నలు కూలి ఎక్కడ దొరికితే అక్కడికి కదులుతుంటే పిల్లలు బడిలో నిలిచేదెట్లా?

చదువు ఏం చేయగలదో నెల్లూరు జిల్లా కళ్లారా చూసింది. 1991లో అక్షరదీపం అనే అక్షరాస్యతా ఉద్యమం రాత్రి బళ్లలో ఓనమాలు దిద్దిన ఆడవాళ్లు మరుసటేడు దూబగుంట ఊళ్లో సారాను తరిమికొట్టారు. ఆ పోరులో ముందు నిలిచిన రోశమ్మ పేరు ఊరూరా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్.

చిట్టమూరు 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారినా యానాది గుడిసెల్లో మాట మారలేదు. పిల్లకు హాస్టల్ సీటు కావాలంటే కుల ధ్రువపత్రం తెమ్మంటారు. దానికి రుజువుగా తండ్రి చదువుకున్న కాగితం అడుగుతారు. ఆ తండ్రి బడి మొహమే చూడలేదాయె. ఒకప్పుడు వద్దన్నా వాళ్ల పేర్లు రిజిస్టరుకెక్కాయి. ఇప్పుడు కాళ్లరిగేలా తిరిగితే గానీ ఎక్కడం లేదు.