ఫిల్మ్ లేని సినిమా బడి

సినిమా నేర్పడానికి ప్రపంచంలోనే మొదటి ప్రభుత్వ పాఠశాల 1919లో మాస్కోలో తెరుచుకుంది. బడి ఉంది గానీ, తీయడానికి ఫిల్మ్ లేదు. రష్యాకి ముడి ఫిల్మ్ బయటి దేశాల నుంచే రావాలి. అంతర్యుద్ధం, విదేశాల దిగ్బంధం కలిసి ఆ దారి మూసేశాయి. మిగిలిన కాస్తా వార్తాచిత్రాలకీ ప్రచార చిత్రాలకీ పోయేది. అలాంటి రోజుల్లో ఇరవయ్యేళ్లు దాటీ దాటని లెవ్ కులెషోవ్ కొందరు కుర్రవాళ్లని చేరదీసి, షాట్ అంటే ఏమిటో నేర్పడం మొదలుపెట్టాడు. ఇవాళ ఫోన్ పట్టుకుని క్లోజప్, మిడ్ షాట్, లాంగ్ షాట్ సాధన చేసేవాళ్లంతా తెలుసుకోవలసిన కథ ఇది.

క్లోజప్ అప్పటికే కొత్త కాదు. తొలినాళ్ల కెమెరా సాధారణంగా నాటకం చూసే ప్రేక్షకుడిలా ఎదురుగా, కదలకుండా ఉండి, మనిషిని తల నుంచి పాదాల దాకా చూపేది. 1900లో ఇంగ్లండ్‌లో, బ్రైటన్ పక్కనున్న హోవ్‌లో, జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ 'గ్రాండ్‌మాస్ రీడింగ్ గ్లాస్' అనే చిట్టి సినిమా తీశాడు. ఒక పిల్లవాడు నానమ్మ భూతద్దం అందుకుని కనిపించినదల్లా చూస్తుంటాడు. నల్లటి తెర మధ్య గుండ్రంగా వార్తాపత్రిక, గడియారం, పంజరంలో పిట్ట ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. నానమ్మ కన్ను కూడా వస్తుంది. ఆ గుండ్రమంతా నిండిపోయిన కన్ను అటూ ఇటూ తిరుగుతుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. దగ్గరగా చూపించడానికి స్మిత్‌కి భూతద్దం సాకుగా దొరికింది. తర్వాత అమెరికన్ దర్శకుడు గ్రిఫిత్ వంటివాళ్ల చేతుల్లో ఆ సాకు అవసరం లేకుండా పోయింది. క్లోజప్‌ని విప్పి చూసి, పరీక్షించి, పాఠంగా మలచిన ఘనత మాత్రం కులెషోవ్ బృందానిదే.

ఆ బృందంలో తర్వాత దర్శకుడైన పుదోవ్కిన్ ఉన్నాడు. నటి అలెగ్జాండ్రా ఖొఖ్లొవా ఉంది. బాక్సింగ్ నుంచి వచ్చిన బొరిస్ బార్నెట్ ఉన్నాడు. ఫిల్మ్ లేదు కాబట్టి వాళ్లు 'ఫిల్మ్ లేని ఫిల్ములు' ఆడారు. కథని షాట్లుగా విడగొట్టి, ఒక్కోదాన్ని పొట్టి దృశ్యంగా, వెంటవెంటనే మారిపోయేలా వేదిక మీద చేసి చూపేవారు. ఈ షాట్‌లో ఏది కనపడాలి, ఏది కనపడకూడదు అన్నది కెమెరా ముట్టుకోకముందే తేలిపోయేది. సినిమా చదువులో ఇంతకంటే గట్టి పునాది మరొకటి లేదు.

కొద్దిగా ఫిల్మ్ చేతికి వచ్చాక కులెషోవ్ చేసిన ప్రయోగాల్లో ఒకటి అద్దం ముందు అలంకరించుకునే అమ్మాయి. తెర మీద ఆమె ఒక్కతే. నిజానికి పెదవులు ఒకరివి, కాళ్లు ఇంకొకరివి, వీపు మరొకరిది, కళ్లు వేరొకరివి. అన్నీ దగ్గరి షాట్లే. పక్కపక్కన అతికితే చూసేవారి మనసే వాటిని ఒక మనిషిగా కూర్చుకుంటుంది. క్లోజప్ వేసినప్పుడు ఫ్రేమ్ బయట వదిలేసినదాన్ని ప్రేక్షకుడు తనంతట తానే పూరించుకుంటాడని దీంతో రుజువైంది.

కూర్పు విషయంలోనూ కులెషోవ్‌కి పట్టింపు ఎక్కువ. షాట్ తెర మీద ఉండేది కొద్ది క్షణాలే కనుక చూడగానే అర్థం కావాలి అనేవాడు. ఫ్రేమ్ అంచులకి సమాంతరంగానో లంబంగానో ఉన్న గీత కంటికి తేలిగ్గా అందుతుందని చెప్పి, ఊహలో ఒక గళ్ల వల పరిచి, నటుల కదలికల్ని ఆ గళ్ల వెంట నడిపించాడు. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో 'గ్రిడ్' నొక్కితే కనిపించే తొమ్మిది గళ్లకి మాత్రం మూలం ఇంకా పాతది. లండన్ చిత్రకారుడు జాన్ థామస్ స్మిత్ 1797లోనే, పల్లె దృశ్యాల గురించి రాసిన పుస్తకంలో, చిత్రాన్ని మూడింట ఒక వంతు, రెండు వంతులుగా పంచే సూత్రం చెప్పాడు. అప్పటికి ఫొటోగ్రఫీయే పుట్టలేదు.

ఆ మాస్కో బడిలోనే 1930లలో దర్శకుడు ఐసెన్‌స్టీన్ పాఠాలు చెప్పాడు. ఒక తరగతిలో ఆయన ఇచ్చిన పని దొస్తొయెవ్‌స్కీ నవల 'నేరము–శిక్ష'లో వడ్డీ వ్యాపారి ముసలమ్మ హత్యను ఒకే షాట్‌లో కూర్చడం. కెమెరా కదలకూడదు, కటింగ్ ఉండకూడదు. అయినా దృశ్యంలో లాంగ్ షాట్, మిడ్ షాట్, క్లోజప్ అన్నీ ఉండాలి. దారి ఒక్కటే, మనుషుల్నే కెమెరా వైపుకీ వెనక్కీ నడిపించాలి. ఏ క్షణాన ఎవరి ముఖం దగ్గరికి రావాలి, ఎవరు వీపు తిప్పాలి అని విద్యార్థులు గంటల తరబడి వాదించుకున్నారు. ఆ తరగతులకి వెళ్లిన వ్లదీమిర్ నిజ్నీ ఆ చర్చల్ని పుస్తకంగా రాసిపెట్టాడు. సినిమా నేర్చుకునేవారికి అది నిజంగా పెన్నిధి.

ఇక ఫోన్ సంగతికి వస్తే, 2015లో విడుదలైన 'టాంజరిన్' సినిమాని అమెరికన్ దర్శకుడు షాన్ బేకర్ ఐఫోన్ 5ఎస్‌లతో లాస్ ఏంజెలెస్ వీధుల్లో తీశాడు. లెన్స్ మీద చిన్న అనమార్ఫిక్ అద్దం తగిలించి తెరను వెడల్పు చేశాడు. డబ్బు తక్కువ కావడం ఒక కారణమే గానీ, నటనకి కొత్తవాళ్లు పెద్ద కెమెరా ముందు బిగుసుకుపోయినట్టు ఫోన్ ముందు బిగుసుకుపోలేదు. అది ఆ సినిమాకి ప్రాణం పోసింది.

ఐసెన్‌స్టీన్ ఇచ్చిన పని ఇప్పుడు ఏ ఇంట్లోనైనా చేయొచ్చు. ఫోన్‌ని స్టాండ్ మీద బిగించి, జూమ్ ముట్టుకోకుండా, ఇద్దరు మనుషుల్ని గదిలోకి పంపాలి. వేళ్లతో జూమ్ చేస్తే చాలా ఫోన్లు బొమ్మ అంచుల్ని కోసి మిగిలినదాన్ని పెద్దది చేస్తాయి, అంతే. మనిషి నడిచి దగ్గరికి వస్తే ముఖం పెరుగుతుంది, వెనకున్న గోడ, తలుపు మాత్రం ఉన్నంతే ఉంటాయి. గుమ్మం దగ్గర నిలువెత్తున కనిపించిన మనిషి నాలుగడుగుల్లో తెర నిండా ముఖమైపోతాడు. వెనకాల గుమ్మంలో రెండో మనిషి అంతే చిన్నగా నిలబడి ఉంటాడు.