మూసీ ఒడ్డున

గాజులు కొనుక్కోవడానికి చార్మినారు వైపు వెళ్ళేవాళ్ళు నయాపూల్ రాగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం మీరు చూసే వుంటారు. మూసీ అంటే మురుగు కాలవే అనుకుంటున్నారు మన పిల్లలు. వాళ్ళ తప్పేం లేదు. కాని యీ నది వల్లనే హైదరాబాదు వెలిసింది. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం నడిబొడ్డున పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందిది.

గోలకొండ కోటలో జనం కిక్కిరిసిపోతే, మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో నదికి దక్షిణపుటొడ్డున కొత్త నగరం కట్టించాడు. అంతకు ముందే, 1578లో, ఆయన తండ్రి ఇబ్రహీం నది మీద వంతెన వేయించాడు. అదే పురానాపూల్. భాగమతి కోసం వరదలో గుర్రం దూకించే కొడుకు మీద బెంగతో కట్టించాడని కథ చెబుతారు. వినడానికి బాగానే వుంటుంది గాని, ఆ యేడు రాకుమారుడు ఇంకా చిన్నవాడే! గోలకొండ నుంచి మచిలీపట్నం వెళ్ళే బళ్ళు వానాకాలంలోనూ ఏరు దాటాలి కదా, ఆ అవసరమే వంతెన వేయించి వుంటుంది.

తర్వాత ఉత్తరపుటొడ్డున బ్రిటిష్ రెసిడెన్సీ లేచింది. ఆ భవనంలోకే 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. కోఠీ కాలేజీ అంటే తెలియనిదెవరికి?

ఇక 1908 సంగతి. సెప్టెంబరు 28. పైన కురిసిన కుంభవృష్టికి నది ఒక్కసారిగా నగరం మీద పడింది. కోల్సావాడి వంటి పేటల్లో జనం నిద్రలేచేసరికే నీళ్ళు గోడలు దాటాయి. 15,000 మంది దాకా చనిపోయారంటారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కిన నూట యాభైమంది బ్రతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రిలో వుంది, వెళ్ళినప్పుడు చూడండి. నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన మహళ్ళ తలుపులు నిరాశ్రయులకు తెరిపించాడు. పురోహితుల మాట విని నదికి చీర, పసుపు కుంకుమ సమర్పించాడని కూడా పెద్దవాళ్ళు చెప్పుకుంటారు.

మరుసటేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఎగువన వున్న 788 చెరువుల్లో 221 తెగాయని ఆయన లెక్క తేల్చారు. ఒక చెరువు తెగితే ఆ నీరు కింది చెరువును తెంచింది, అది మరొకదాన్ని. వరదను పైనే పట్టి నిలపాలన్నారాయన. అందుకే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయాయి. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడిచిపోడన్న మాట అప్పటినుంచే. గట్లు కట్టి, ఒడ్డున తోటలు వేయమని కూడా ఆయన సలహా. 1912లో నగరాభివృద్ధి బోర్డు యేర్పడి ఇరుకు పేటలు తీసేసి రోడ్లు వెడల్పు చేసింది. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, 1936లో అసఫియా గ్రంథాలయం, అన్నీ నదికి చేరువగానే లేచాయి. ఆ ఇరవై, పాతికేళ్ళే మూసీ ఒడ్డుకు మంచి రోజులని నాకనిపిస్తుంది.

అయితే ఒకటి గమనించండి. ఎగువ నీరంతా సాగరాల్లో ఆగిపోతే, నగరం దగ్గర నదికి మిగిలిందేమిటి? మన స్నానాల గదుల నీళ్ళు, అంట్ల తొట్ల నీళ్ళు. నగరం పెరిగినకొద్దీ అవే పెరిగాయి. వాటికి కార్ఖానాల విషం తోడయింది. ఆ నీటితోనే అంబరుపేట, ఉప్పల్ దిక్కున గేదెలకు పచ్చగడ్డి పెంచారు. నల్గొండ వైపు అదే నీటిలో దిగి ఆడవాళ్ళు నాట్లు వేస్తారు. వాళ్ళ కాళ్ళ పుళ్ళ సంగతి మన కాఫీ కబుర్లలో ఎప్పుడైనా వచ్చిందా?

నీరు తగ్గిందని నదిలోకే ఊరు జరిగింది. పేదవాళ్ళే ఆక్రమించారని అనేస్తాం. 1994లో ఇమ్లీబన్ బస్ స్టాండు కట్టింది పేదవాళ్ళా? 2025 సెప్టెంబరులో జలాశయాల గేట్లెత్తితే నీళ్ళు ఆ బస్ స్టాండులోకే వచ్చేశాయి. 2020 అక్టోబరులోనూ చాదర్‌ఘాట్ బస్తీలు మునిగాయి. నది తన చోటు మరిచిపోలేదు.

బాగుచేసే పథకాలకు మాత్రం కొదవ లేదు. 1990ల చివర నందనవనం అన్నారు, కొన్ని బస్తీలను కర్మన్‌ఘాట్ వైపు తరలించారు. 2017లో నదీతీరాభివృద్ధి సంస్థ పెట్టారు. 2024 సెప్టెంబరులో ఒడ్డు ఇళ్ళ గోడలమీద యెర్ర రంగుతో గుర్తులు వేసి, కదలమని, రెండు పడకగదుల ఇళ్ళు ఇస్తామని చెప్పారు. వరద గర్భంలో సంసారాలు వుండకూడదన్నది నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కాని మలక్‌పేటలో మూడిళ్ళలో అంట్లు తోమే అమ్మాయికి పది మైళ్ళ అవతల పక్కా ఇల్లిస్తే, తెల్లవారి ఆరింటికి పనికెలా వస్తుంది? బడి మధ్యలో పిల్లను ఎక్కడ చేరుస్తుంది? నది పక్కన నడకబాటలు, పూలమొక్కలు ఎక్కడెక్కడ రావాలో నక్షాలో గీసేవాళ్ళు ఆ అమ్మాయిని కూడా ఒకసారి కూచోబెట్టి అడగాలి. ఆమెకంటే ముందు, మురుగు కాలవలు నదిలో కలిసే చోట్ల శుద్ధి యంత్రాలు ఎన్ని పనిచేస్తున్నాయో మనం అడగాలి.