మదపు వాసన

శ్రీలంకలో హబరణ దగ్గర పోడు చేను. ఫిబ్రవరి రాత్రి. మీరు చెట్టు మీద కట్టిన మంచెలో కూర్చున్నారు. కింద మొక్కజొన్న కోతకొచ్చి ఉంది. పక్కన రైతు చేతిలో లావుపాటి టపాకాయ, మీ చేతిలో టార్చి.

టార్చి వేసి చూడండి. కొమ్మ మీద రెండు ఎర్రటి చుక్కలు. దేవాంగపిల్లి. మన తూర్పు కనుమల్లోనూ ఉండేదే. పురుగుల్ని పట్టుకు తింటుంది, చేను జోలికి రాదు. గట్టు దగ్గర అడవిపందులు గుర్రుమంటున్నాయి. చిరుత వస్తుందేమోనని మీకు దిగులు. ఈ దీవిలో పులీ సింహమూ లేవు, అడవికి చిరుతే పెద్ద. అయినా రైతు నిద్ర మానుకున్నది దాని కోసం కాదు.

పందులు ఉన్నట్టుండి పరుగందుకుంటాయి. ఎవరూ అదిలించలేదే!

గాలి ఇటు తిరుగుతుంది. ఘాటైన వాసన. రైతు మీ మోచెయ్యి గట్టిగా పట్టుకుంటాడు.

అడుగుల చప్పుడు లేదు. ఏనుగు పాదం లోపల మందపాటి కొవ్వు మెత్త ఉంటుంది, అన్ని టన్నుల బరువూ అందులోనే అణిగిపోతుంది. పుటుక్కున ఒక కంకి విరుగుతుంది. టార్చి వెలుగులో కణత మీద తడి మెరుస్తుంది. మదం. దంతాలు లేవు కదా, ఆడదేమో అనుకోకండి. ఇక్కడి మగ ఏనుగుల్లో నూటికి తొంభైకి పైగా దంతాలు లేనివే. పంట మీదికి ఒంటరిగా వచ్చేది దాదాపు ఎప్పుడూ మగదే.

టపాకాయ విసరాలా? వన్యప్రాణి శాఖ ఇచ్చేది అందుకే. కానీ చప్పుడుకు అలవాటుపడ్డ ఏనుగు బెదరదు. ఒక్కోసారి తిరగబడుతుంది.

చెవులు విచ్చుకున్నాయి. తొండం పైకి లేచింది. మీ వైపే.

టార్చి ఆర్పండి.

కదలొద్దు.

మంచె ఊగుతోంది. చెట్టుకు వీపు రుద్దుకుంటోంది.

ఆగింది.

మళ్లీ కంకులు విరుగుతున్న చప్పుడు. ఈసారి దూరంగా. రైతు టపాకాయ కింద పెట్టేస్తాడు. రేపు ఎంత మిగులుతుందో ఆయనకు తెలుసు. మీరిద్దరూ బతికారు, అదీ చిన్న విషయం కాదు. 2011 లెక్కలో 5,879 ఏనుగులున్న ఈ దేశంలో, 2023 ఒక్క ఏడాదిలోనే 400కు పైగా ఏనుగులు, 150 మందికి పైగా మనుషులు ప్రాణాలు కోల్పోయారు.

ఏనుగుల్ని అడవిలోనే ఉంచాలని ఏళ్ల తరబడి అడవి అంచున కరెంటు కంచెలు వేశారు. కానీ ఆ కంచెలకు ఇవతలా ఏనుగులున్నాయి. పంట ఉన్నన్నాళ్లు చేను చుట్టూ కంచె వేసి, కోత కాగానే తీసేస్తే పంటా దక్కుతుంది, బీడులో ఏనుగుకు మేతా దొరుకుతుంది. ఇలా చేసిన పల్లెల్లో నష్టం తగ్గింది. ఈ చేనుకూ వచ్చే పంటలోపే ఆ కంచె రావాలి.