వీడియో ఆటలలో ముష్టియుద్ధము: నాడు, నేడు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల మన పిల్లలు బడిలో కన్నడమును, ఇంట తెలుగును మాటలాడుదురు. వీడియో ఆట ముందు కూర్చుండిరా, ఏ భాషయు పలుకరు. ఆ మౌనమునకు విసిగి, అందేమున్నదో యని మేమును మనుమల ప్రక్కన కూర్చుండి చూచితిమి.

తోలుబొమ్మలవలె వీరుడు తెరపై ప్రక్కకు సాగుచు, ఎదురైన దుండగులను పిడికిళ్ళతో పడగొట్టును. పూర్వము ఇవి నాణెము వేసి ఆడు యంత్రములు. ఆటగాడు త్వరగా ఓడిననే యజమానికి రాబడి! 1989 నాటి ‘ఫైనల్ ఫైట్’లో ప్రత్యేకమైన దెబ్బ కొట్టినచో వీరుని ప్రాణబలమే కొంత తరుగును. 2020లో వచ్చిన ‘స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 4’లోను తరుగును గాని, తాను దెబ్బ తినక శత్రువులను కొట్టినచో మరల చేరును. గుమాస్తాగిరి చేసిన మాకిది అప్పు తీర్చుటవలె తోచినది.

మా మనస్సును కలచినది 1987లో జపానునుండి వచ్చిన ‘డబుల్ డ్రాగన్’. ఇద్దరాడినచో, అన్నదమ్ములు కలసి శత్రువులనెల్ల గెలిచిన పిదప, తాము రక్షించిన యువతికై ఒకరితో నొకరు పోరాడవలెను. వాలి సుగ్రీవులనెరిగిన మనకిది క్రొత్త కాదు. అయినను పిల్లల యాటలో చూచుట కష్టమే. 2022 నాటి ‘ష్రెడర్స్ రివెంజ్’లోనో ఆరుగురు కూడి ఆడవచ్చును, పడిన తోడువానిని లేపవచ్చును, తన ప్రాణబలమును పంచియీయవచ్చును.

మా పెద్ద మనుమడు బెంగళూరునుండి, చిన్నవాడు చింతామణినుండి అంతర్జాలమున దీనిని కలసి యాడుదురు. మొన్న చిన్నవాని వీరుడు పడగానే, వాడు “అన్నా, లేపన్నా!” యని కేక వేసెను.