ఫ్లాష్‌బ్యాక్
మెరుపును తెలిపే ‘ఫ్లాష్’, వెనుకను తెలిపే ‘బ్యాక్’ అనే ఆంగ్లపదాలు కలిసిన ‘ఫ్లాష్‌బ్యాక్’ మొదట కొలిమిలోనో బర్నర్‌లోనో మంట వెనక్కి తన్నడాన్ని చెప్పిన మాట కాగా, 20వ శతాబ్దపు తొలి దశకాల్లో సినిమావారి వాడుకలో గతాన్ని చూపే కథనపద్ధతికి పేరై, సినిమాతోనే తెలుగులో స్థిరపడింది. పాత రోజులను తలచుకునే ప్రతి పాటనూ ఇప్పుడు ఫ్లాష్‌బ్యాక్ పాట అనేస్తున్నారు గానీ, తలపోత వేరు, కథాక్రమాన్ని మళ్లించడం వేరు: అమెరికా గాయకుడు హ్యారీ చేపిన్ 1972 నాటి ‘టాక్సీ’లో, వానలో కారెక్కిన స్త్రీ తన పాత ప్రియురాలేనని డ్రైవరు గుర్తించాకే పాట వారి యవ్వనంలోకి వెళ్లి, మళ్లీ అదే ప్రయాణంలోకి వస్తుంది. తెలుగులోని ‘పూర్వకథ’, ‘పూర్వవృత్తాంతం’ జరిగిన విషయాన్ని సూచిస్తాయే తప్ప ఈ మళ్లింపును సూచించవు. 16వ శతాబ్దంలోనే పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో దాన్ని అతి నేర్పుగా నడిపినా, ఆ కావ్యాన్ని వివరించే నేటి విమర్శకులు సైతం ఈ అరువుమాటనే ఆశ్రయిస్తున్నారు.