కళ్ళం గడ్డిలోంచి వసారాలోకి: కృష్ణా దిగువ డెల్టాలో కుక్కపిల్ల పెంపకం

బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్లలో కుక్కపిల్లలు పుట్టే కాలం దాదాపు ఏటా ఒకటే. నాటు ఆడకుక్క సాధారణంగా ఏడాదికి ఒక్కసారే ఎదకు వస్తుంది. అది ఎక్కువగా వానాకాలం వెనకబట్టాక, చిత్తకార్తెకు అటూ ఇటూగా, అంటే అక్టోబరు ప్రాంతంలో. చూడు కాలం రమారమి 63 రోజులు. ఆ లెక్కన పిల్లలు మార్గశిర, పుష్య మాసాల్లో నేల మీద పడతాయి. డెల్టాలో సార్వా వరి కోతలై, పనలు కుప్పలకెక్కి, కళ్ళాల్లో నూర్పిళ్లు సాగే రోజులు కూడా అవే. అందువల్ల ఈ ప్రాంతంలో కుక్కపిల్లకు తొలి ఇల్లు చాలా కాలం పాటు వరిగడ్డే అయింది. తల్లికుక్క గడ్డివాము అడుగున గుంట తవ్వుకుని ఈనేది. ఆ గుంటే పురిటిగది.

అది అన్ని విధాలా తగిన చోటు. పుట్టిన కుక్కపిల్లకు కళ్ళు తెరుచుకోవు, చెవులు వినపడవు. కళ్ళు విడవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మొదటి రెండు వారాలు ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోలేదు. తల్లి పొట్ట, తోబుట్టువుల ఒళ్ళు, కింద గడ్డి, ఇవే దానికి వెచ్చదనం. మూత్రం పోయాలన్నా తల్లి నాకాలి. పుష్యమాసపు చలిలో, తెల్లవారుజాము మంచులో ఎండుగడ్డిని మించిన పక్క లేదు. మూడో వారంలో పాలపళ్ళు మొలుస్తాయి. నాలుగో వారానికి పిల్లలు తల్లి తినే దానిలో మూతి పెడతాయి. ఆ దశకు సంక్రాంతి వచ్చేసేది. నూర్పిళ్లు ముగిసి, కొత్త బియ్యం ఇంటికి చేరి, ఈనిన కుక్కకు గంజీ, మిగిలిన అన్నమూ పడటానికి కరువు లేని వారాలు అవి. శివరాత్రి నాటికి పిల్లకు రెండు నెలలు దాటేవి. ఊళ్లో పిల్లలు తలా ఒకదాన్ని ఎంచుకుని, చంకనెత్తుకుని ఇళ్లకు తెచ్చుకునేది అప్పుడే.

ఈ పద్ధతిని ఎవరూ రాసిపెట్టలేదు. కాని ఇందులో ఒక గొప్ప మేలు ఉంది: పిల్లను తల్లి నుంచి తొందరపడి వేరు చెయ్యలేదు. తోబుట్టువులతో కలబడి ఆడుకునే వయసంతా దానికి దక్కింది. కరిస్తే ఎంత నొప్పో, ఎక్కడ ఆపాలో పిల్ల నేర్చుకునేది ఆ ఆటలోనే. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే పరిశోధకులు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని గమనించి 1965లో వెలువరించిన పుస్తకంలో చెప్పిన ముఖ్యమైన సంగతీ ఈ వయసు గురించే. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల ఎవరిని చూస్తే వారితో, ఏ చప్పుడు వింటే ఆ చప్పుడుతో సర్దుకుపోతుంది. ఆ గడువు దాటాక కొత్తదల్లా భయమే. కళ్ళంలో పుట్టిన పిల్ల ఆ వయసులో ఎడ్లనూ బండ్లనూ చూసేది, నూర్చేవాళ్ల అరుపులు వినేది, కోళ్ల మధ్య తిరిగేది.

అయితే ఆ కాలాన్ని బంగారుకాలంగా చూడటం పొరపాటు. పుట్టినవాటిలో ఎక్కువ పిల్లలు బతికేవి కావు. పశ్చిమబెంగాల్ వీధికుక్కల మీద ఈమధ్య జరిగిన పరిశీలనలో ప్రతి అయిదు పిల్లల్లో దాదాపు నాలుగు ఏడు నెలలు నిండకముందే చనిపోయినట్టు తేలింది. డెల్టా పల్లెల్లో మందూమాకూ లేని రోజుల్లో పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఉండి ఉంటుందనడానికి కారణమేమీ కనపడదు. ఏలికపాములు తల్లి కడుపులోనే పిల్లకు చేరతాయి, కొంకిపురుగులు పాలలో వస్తాయి. పొట్ట ఉబ్బి, వెన్ను తేలి, బొచ్చు రాలిన పిల్ల ప్రతి వీధిలోనూ కనపడేది. దాన్ని జబ్బుగా కాక దాని రాతగా చూసేవారు.

బతికిన పిల్ల పనిలోకి వచ్చేది. కళ్ళం కాపలా, పశువుల పాక కాపలా రైతు ఇంటి కుక్కకు. మంద వెంట నడక గొర్రెల కాపరి కుక్కకు. దివిసీమలోనూ బందరు తీరంలోనూ యానాదుల వెంట కుక్క దాదాపు ఎప్పుడూ ఉండేది. పొలం గట్ల కన్నాల్లో పొగబెట్టి ఎలుకల్ని పట్టడం వారి వృత్తుల్లో ఒకటి. పొగకు బయటపడి పారిపోయే ఎలుకను అందుకునే కుక్క ఆ పనికి చేదోడు. అలాంటి చోట పిల్ల పెంపకం వేరే పనిగా ఉండదు. పెద్దకుక్క వెనక నడుస్తూ పిల్ల నేర్చుకుంటుంది. రైతు ఇళ్లలో మాత్రం కుక్కకు గడపే హద్దు. మడీ ఆచారం పాటించే ఇళ్లలో అది వసారా ఎక్కడం కూడా తక్కువే. పెరట్లో చింతచెట్టు కింద గోనెపట్టా దాని పక్క, పగిలిన కుండపెంకు దాని కంచం, చద్దన్నం, మజ్జిగ, చేపల తలకాయలు దాని తిండి. ఇంట్లోకి రానిదానికి ఎక్కడ పోయాలో ఎక్కడ పోయకూడదో నేర్పే అవసరం లేదు. నేడు కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నవారిని అన్నిటికన్నా ముందు బాధించే సమస్య పాత డెల్టా ఇంటికి తెలియనే తెలియదు.

కుక్కపిల్లను కొట్టడం తప్పన్న మాట తెలుగు సాహిత్యంలో మొదటి నుంచీ ఉంది. నన్నయ భారతం ఆదిపర్వంలో ఆరంభ కథల్లోనే సరమ అనే దేవశునకం వస్తుంది. దాని పిల్ల యజ్ఞశాల దగ్గర ఆడుకుంటుంటే జనమేజయుడి తమ్ములు ఊరికే కొడతారు. సరమ నేరుగా రాజు దగ్గరికే వెళ్లి, ఏ పాపం ఎరుగని సాధువుల్ని హింసించేవారికి అనుకోని ఆపదలు వస్తాయని హెచ్చరిస్తుంది. అంత పెద్ద కావ్యానికి ముంగిట్లో ఒక కుక్కపిల్ల దెబ్బలకు తల్లి చేసిన ఫిర్యాదు ఉండటం గుర్తుంచుకోదగ్గది.

ఇంట్లో, మనిషి పక్కన, ప్రత్యేకమైన ఏర్పాట్లతో కుక్కను పెంచడమన్నది రాచనగళ్లకూ దొరల బంగళాలకూ చెందిన అలవాటు. 1611లో ఇంగ్లీషు కంపెనీ వర్తకులు మచిలీపట్నంలో, అంటే బందరులో, దిగారు; డచ్చివారు అప్పటికే అక్కడ ఉన్నారు, ఫ్రెంచివారు 1669లో వచ్చారు. ఆ రోజుల్లో ఓడలు మోసుకొచ్చిన కానుకల్లో కుక్కలూ ఉండేవి. ఇంగ్లండు రాయబారి థామస్ రో వెంట ఉన్న మతగురువు ఎడ్వర్డ్ టెర్రీ, మొగలు చక్రవర్తి జహంగీరుకు అందిన మాస్టిఫ్ కుక్కల వైభవాన్ని రాశాడు. ఒక్కో కుక్కకు నలుగురు నౌకర్లు. ఇద్దరు పల్లకీలో మోసేవారు, ఇద్దరు ఈగలు తోలేవారు. పాదుషా స్వయంగా తినిపించడానికి వెండి పట్టకారు చేయించాడు. చలిదేశపు కుక్క ఈ నేల మీద బతకాలంటే ఎంత సేవ కావాలో ఆ ఏర్పాట్లను బట్టే తెలుస్తుంది. తర్వాతి కాలపు తెల్లవారి కుక్కలను కూడా ఎండ, పిడుదులు, జ్వరాలు వదల్లేదు. మద్రాసు హంట్ అనే దొరల వేట సంఘపు కుక్కల రక్తంలో పాటన్ అనే శాస్త్రవేత్త 1910లో ఒక కొత్త పరాన్నజీవిని కనిపెట్టాడు. బెబీసియా గిబ్సోని అనే ఆ జీవి పిడుదుల ద్వారా పాకి నేటికీ కోస్తా కుక్కల్ని పీడిస్తూనే ఉంది. ఒంటికి పట్టిన పిడుదును చిన్న సంగతిగా వదిలెయ్యకూడదన్నది మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే తేలిన పాఠం.

బందరుకు పురపాలక సంఘం 1866లో, గుడివాడకు 1937లో ఏర్పడింది. పురపాలక చట్టాలు కుక్కకు లైసెన్సు, లేని కుక్కకు చావు అనే దారి పట్టాయి. దీని వెనక ఉన్నది పిచ్చికుక్క కాటు భయం, అది ఉత్తి భయం కాదు. రేబిస్ లక్షణాలు పైకి తేలాక మనిషి బతకడం దాదాపు లేదు. కాటుకు ఉమ్మెత్త మందు సుశ్రుతుడి కాలం నుంచీ ఉంది. వాతలు, మంత్రాలు పల్లెపల్లెనా ఉండేవి. ఏదీ పని చెయ్యలేదు. 1885లో పాశ్చర్ టీకా వచ్చింది. దక్షిణదేశానికి కూనూరులో పాశ్చర్ సంస్థ 1907లో తెరుచుకుంది. బెజవాడ నుంచి బందరుకు రైలు పడింది 1908లో. అంతకుముందు కాలువ పడవే దిక్కు. అంటే కుక్క కరిచిన దివిసీమ మనిషి ఏరు దాటి, బందరు కాలువ మీదనో రైల్లోనో బెజవాడ చేరి, అక్కడి నుంచి మద్రాసు, మద్రాసు నుంచి మేట్టుపాళయం, ఆపైన కొండరైలెక్కి కూనూరు వెళ్లాలి. ఎంతమందికి సాధ్యమయ్యే ప్రయాణం అది? కసౌలీలో సెంపుల్ అనే వైద్యుడు 1911లో జంతువుల మెదడుతో తయారుచేసిన టీకా ఆ తర్వాత జిల్లా ఆసుపత్రుల దాకా వచ్చింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లంటే డెల్టాలో రెండు మూడు తరాలు వణికిపోయాయి. దేశంలో ఆ టీకా తయారీ 2004 చివరికి గాని ఆగలేదు. ఆ సూదుల భయమే ఎన్నో ఇళ్లలో కుక్కపిల్లను తేనివ్వలేదు. కుక్క కరిచిన మనిషికి పద్నాలుగు సూదులు వెయ్యడం కన్నా పెంచే పిల్లకు మూడో నెలలో ఒక్క సూది వేయించడం తేలికన్న ఎరుక ఊళ్లకు చాలా ఆలస్యంగా అందింది.

కుక్కలకే వచ్చే జబ్బుల కథ వేరు. డిస్టెంపర్‌కు కారణం వైరస్ అని ఫ్రాన్సులో కారే అనే శాస్త్రవేత్త 1905లో చూపాడు. టీకా 1920ల్లో ఇంగ్లండులో తయారైంది. పార్వో 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా ఒక్కసారిగా బయటపడి, 1980ల ఆరంభానికి మద్రాసు ప్రాంతంలోనూ నమోదైంది. వాంతులు, నెత్తుటి విరేచనాలు. రెండు మూడు రోజుల్లో పిల్ల పోతుంది. నేటికీ కొత్తగా తెచ్చుకున్న పిల్లల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకునేది ఇదే. గన్నవరంలో 1998లో పశువైద్య కళాశాల రావడం గుడివాడ, బందరు వైపు వారికి పెద్ద ఆసరా. అంతకుముందు పశువుల ఆసుపత్రి అంటే గేదెలకూ ఎడ్లకూ చెందిన చోటే.

ఈ మధ్యలో డెల్టా ముఖమే మారిపోయింది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది; పది వేలకు పైగా మనుషులు పోయారు. తిరిగి లేచిన ఊళ్లలో చూరు కిందికి వంగిన తాటాకిళ్లు తగ్గి, పక్కా ఇళ్లు పెరిగాయి. వరికోత యంత్రాలు వచ్చాక గడ్డివాములూ తగ్గాయి. 1980ల నుంచి చేపల చెరువులు, తర్వాత రొయ్యల చెరువులు పొలాల్ని ఆక్రమించాయి. కళ్ళం కాపలా కుక్క చెరువు గట్టు మీది పాకకు మారింది. చెరువు చేపే దాని తిండి. అదే సమయంలో పట్నాల్లో తెల్లటి బొచ్చు స్పిట్జ్, దాన్నే జనం పమేరియన్ అంటారు, వసారా దాటి హాల్లోకి వచ్చింది. పెరుగన్నంతో బతికే చిన్న జాతి కావడం దానికి కలిసొచ్చింది. తర్వాత లాబ్రడార్లు, 2003లో హచ్ సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటన పుణ్యమా అని పగ్‌లు వచ్చాయి.

కొనే పిల్ల రావడంతో పాత పద్ధతిలోని మేలు పోయింది. ముప్ఫై, ముప్ఫై అయిదు రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి బస్సులో పంపడం మామూలైపోయింది. చిన్నదైతే ముద్దుగా ఉంటుంది, త్వరగా అమ్ముడవుతుంది. ఆ వయసులో తల్లి నుంచి వేరైన పిల్లకు జబ్బును తట్టుకునే శక్తీ ఉండదు, మెలగడమూ తెలియదు. అందుకే 2017 నాటి కేంద్ర నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదన్నాయి. కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు, పుట్టిన తేదీ. వీలైతే తల్లిని చూసి తెచ్చుకోవడం మరీ మంచిది.

ఇంటికి వచ్చిన పిల్ల మొదటి మూడు నాలుగు రాత్రులు ఏడుస్తుంది. గడ్డిలో అయిదారు ఒళ్ళ మధ్య పడుకున్నది ఒంటరిగా చలువరాతి మీద పడుకోలేదు. తల్లి వాసన అంటిన గుడ్డ ముక్క, మనుషుల అలికిడి వినపడే చోట గోనెపట్టా వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కసిరి వేరే గదిలో పెట్టి తలుపు వేస్తే భయం ముదురుతుంది. తిండిలో డెల్టా ఇళ్లు తరచు చేసే తప్పు పాలు. కుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో కన్నా రెట్టింపుకు పైగా ఉంటాయి, పాలచక్కెర తక్కువ. ఆవుపాలు, నీళ్లు కలిపిన గేదెపాలు పట్టిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. మెత్తగా ఉడికిన అన్నంలో గుడ్డు, ముళ్ళు తీసిన చేప, కొద్దిగా పెరుగు కలిపి రోజుకు నాలుగుసార్లు పెట్టవచ్చు. ఒట్టి అన్నం, పాలతోనే పెంచితే, ముఖ్యంగా పెద్ద జాతి పిల్లలకు, ముందుకాళ్ళు వంకర పోతాయి. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష పెట్టకూడదు. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

మూత్రవిసర్జన అలవాటుకు దెబ్బలు పనికిరావు. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ఆగగానే పెరట్లో ఒకే చోటికి తీసుకెళ్లాలి. అక్కడ పోస్తే మెచ్చుకోవాలి. ఇంట్లో పోసినచోట మూతి రుద్దడం పిల్లకు నేర్పేది ఒక్కటే, మనిషి కనపడితే దాక్కోవడం.

నులిపురుగుల మందు రెండో వారం నుంచి మూడో నెల దాకా పదిహేను రోజులకోసారి వెయ్యాలి. డిస్టెంపర్, పార్వోలకు కలిపి వేసే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాల ఎడంతో మళ్లీ పడుతుంది. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచెయ్యనివ్వదు, అందుకే ఒక్క మోతాదుతో సరిపెట్టుకోకూడదు. మోతాదులు పూర్తయ్యేదాకా వీధిలో దించకూడదు, అయినా చంకనెత్తుకుని మనుషుల్నీ వాహనాలనూ చూపించాలి. లేకుంటే స్కాట్, ఫుల్లర్ చెప్పిన గడువు గోడల మధ్యే గడిచిపోతుంది. పుష్యంలో పుట్టిన పిల్లకు అయిదు నెలలు వచ్చేసరికి రోహిణీ కార్తె తగులుతుంది. ఆ ఎండల్లో నడక తెల్లవారకముందే ముగియాలి, మంచినీటి గిన్నె నీడలో నిండుగా ఉండాలి. తొలకరి పడగానే పిడుదులు పెరుగుతాయి. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో రోజూ వెతికి తియ్యాలి.